ఇద్దరు గండ్రలు, ఒక బమ్మెర

భూపాలపల్లిలో "గండ్ర గెలిచిండు" అంటే సగం వార్తే. 2018 అసెంబ్లీ ఎన్నికల్లో గండ్ర వెంకటరమణారెడ్డి గెలిచారు, గండ్ర సత్యనారాయణరావు రెండో స్థానంలో ఆగారు. 2023లో ఇద్దరి స్థానాలూ తారుమారయ్యాయి. ఈలోగా మొదటి గండ్ర కాంగ్రెస్‌ను వదిలి కారెక్కారు, ఫార్వర్డ్ బ్లాక్ తరఫున ఓడిన రెండో గండ్ర కాంగ్రెస్ టికెట్ మీద నిలబడ్డారు. అంటే రెండుసార్లూ గెలిచింది చెయ్యి గుర్తు గండ్రే, మనిషే వేరు! పోనీ పొడి అక్షరాల్లో పిలుద్దామంటే ఒకరు జీవీఆర్, ఇంకొకరు జీఎస్సార్.

ఈ తికమకంతా ఇంటిపేర్లదే. అందులోనూ ఊరిపేరునే ఇంటిపేరుగా తగిలించుకోవడం మనకే పట్టిన పిచ్చి కాదు. ఇంగ్లండ్‌లో న్యూటన్ అంటే కొత్త ఊరు. ఐజాక్ న్యూటన్ జనగామ వైపు పుట్టుంటే కొత్తపల్లి ఐజాక్ అయ్యేవాడు. ఆపిల్ బదులు తాటిపండు పడేది. సిద్ధాంతం సంగతి తర్వాత, ముందు తలకు కట్టు కట్టాల్సొచ్చేది.

పోతన మావాడేనని ఒంటిమిట్ట వైపు వాళ్లు ఎంత వాదించినా జనగామ వాళ్లు పెద్దగా గొంతు చించుకోరు. పాలకుర్తి మండలంలో బమ్మెర ఉంది, కవి ఇంటిపేరు బమ్మెర, ఇంకేం సాక్ష్యం కావాలంటారు.

అదే పాలకుర్తిలో భూమి కోసం ఎదురు తిరిగిన ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. ఆ సంగతి ఎంతమందికి తెలుసు? జనం నోట ఆమె చాకలి ఐలమ్మే. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టిన పేరులోనూ అంతే. ఇంగ్లండ్ స్మిత్‌లు తాతల నాటి కొలిమిని ఎప్పుడో మరిచారు గానీ, ఇక్కడ ఇంటిపేరు ఉండి కూడా కులవృత్తి వెనకే నిలబడింది. ఆమె పొలం మీద కన్నేసిన రాపాక రామచంద్రారెడ్డి దారి వేరు. ఆయన విసునూరు దేశ్‌ముఖ్. భూములు చాలక ఊరిపేరు కూడా రాయించుకున్నట్టుంది.

మానుకోటలో, అంటే కాగితాల మీద మహబూబాబాద్‌లో, 2023లో తలపడింది బానోత్ శంకర్ నాయక్, భూక్యా మురళీ నాయక్. పొట్టిగా రాస్తే ఇద్దరికీ ముందు బి, చివర నాయక్. ఎన్నికల్లో గుర్తులున్నాయి గనక సరిపోయింది. లంబాడా పెళ్లి మాటల్లో మాత్రం బి అంటే కుదరదు. బానోతా, భూక్యానా, బాదావతా అని ముందే తేల్చుకోవాలి. ఒకే ఇంటిపేరు వాళ్లు అన్నాచెల్లెళ్ల వరస మరి! అడగడం మరిచారో, పెళ్లిచూపులకొచ్చిన పిల్లగాడు చాయ్ తాగేలోపు అన్న అయిపోతాడు.