ఏడో అంకె తెలిసిన కన్ను

అమెరికా వైద్య రికార్డుల్లో టైప్ 2 షుగరు తెచ్చిపెట్టే కంటి జబ్బులన్నీ ఇ11.3 అనే కోడు కింద కాపురం ఉంటాయి. 2015 అక్టోబరు 1న ఐసీడీ-10-సీఎం అనే జబ్బుల కోడుల పట్టిక అమల్లోకి వచ్చాక ఆ కాపురానికి గదులు పెరిగాయి. ఇ11.3211 అంటే టైప్ 2 మధుమేహం, స్వల్ప స్థాయి రెటీనోపతీ (షుగరు వల్ల రెటీనాకు వచ్చే జబ్బు), రెటీనా మధ్యభాగమైన మాక్యులాలో వాపు, కుడి కన్ను. చివరి అంకె 2 అయితే ఎడమ కన్ను, 3 అయితే రెండూ. ఈ ఏడో అంకె (మొదటి అక్షరాన్నీ కలిపి లెక్కిస్తే) 2016 అక్టోబరులో చేరింది. అంతవరకూ జబ్బు ఏ కంటిదో కోడుకు తెలిసేది కాదు. పాపం, రోగికి మాత్రమే తెలిసేది.

అంకెలు పెరిగితే వైద్యం పదునెక్కుతుందని మెడికల్ కోడింగ్ అనే ఈ విద్య వాదన. ఆ పదునుకు మచ్చుతునక అంకె 9. 'ఏ కన్నో పేర్కొనలేదు' అని దాని అర్థం. మనిషికి ఉన్నవే రెండు కళ్లు. ఆ రెంటిలో దేన్ని చూశారో రాయడానికి తీరిక చిక్కని వైద్యుల గౌరవార్థం ఒక అంకె శాశ్వతంగా కేటాయించారు. మానిన జబ్బుకూ కోడుంది. మాక్యులా వాపు చికిత్సతో తగ్గితే ఇ11.37, ఆపైన ఖాళీ నింపడానికి ఒక ఎక్స్, ఆ తర్వాత కన్ను అంకె. వాపు రెటీనాను వదిలినా రికార్డును వదలదు.

ఈ శాస్త్రానికి మూలమంత్రం ఒకటే: రాయనిది జరగలేదు. రెటీనా మీద రక్తపు మచ్చలున్నాయని పరీక్ష కాగితం ఘోషిస్తున్నా, వైద్యుడు రెటీనోపతీ అని రాయకపోతే, చార్టు చదివి కోడులు వేసే కోడరు ఆ కోడు వేయకూడదు. వైద్యుణ్ణి అడగవచ్చు గానీ, జవాబు అందించేలా అడగకూడదు. వైద్యుడు 'షుగరు, మునుపటిలాగే' అని పోయినసారి వాక్యాన్నే అతికిస్తే ఇ11.9 పడుతుంది, అంటే ఏ ఉపద్రవమూ లేని షుగరు. చూపు సగం పోయిన మనిషి కాగితం మీద నిక్షేపంగా ఉంటాడు.

దీనికి సరిగ్గా తిరగబడిన నియమమూ కోడింగ్ నిబంధనల పుస్తకంలోనే ఉంది. చార్టులో షుగరు అని ఒకచోట, శుక్లం అని మరోచోట ఉంటే చాలు, రెంటికీ సంబంధం లేదని వైద్యుడు స్పష్టంగా రాస్తే తప్ప, షుగరు వల్లే శుక్లం వచ్చిందని భావించి ఇ11.36 వేయాలి. ఎనభై ఏళ్ల ముసలమ్మ శుక్లానికి వయసు కారణం కావచ్చునన్న ఊహ కోడరుకు రాకూడదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అన్న సామెతను నిబంధనల పుస్తకంలోకి ఎక్కించిన ఘనత ఇది.

ఇంత శ్రద్ధకు డబ్బు కారణం కాదనడం అమాయకత్వం. అమెరికాలో పెద్దవాళ్ల ప్రభుత్వ బీమాను ప్రైవేటు సంస్థలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ పథకంలో రోగి జబ్బుల బరువును బట్టి బీమా సంస్థకు ప్రభుత్వం చెల్లిస్తుంది. చాలాకాలం ఉపద్రవం లేని షుగరుకు తక్కువ, ఉన్న షుగరుకు ఎక్కువ ముట్టేది. ఆ రోజుల్లో పాత చార్టుల్లో ఉపద్రవాల కోసం సాగిన వెతుకులాట రోగుల కళ్లలో సాగి ఉంటే ఎందరి చూపో నిలిచేది. 2024 నుంచి దశలవారీగా తెచ్చిన కొత్త లెక్క ఆ రెండు షుగర్లకూ ఒకే తూకం ఇచ్చి, తీవ్రమైన కంటి జబ్బుకు మాత్రం వేరే పద్దు ఉంచింది.

ఆ చార్టుల్లో కొన్ని కోడులు వేయించుకోవడానికి హైదరాబాదుకు వస్తాయి. అమీర్‌పేటలో కోర్సు చేసి ఉద్యోగం తెచ్చుకున్న కోడరుకు, ఎన్నడూ చూడని అమెరికా తాతగారి జబ్బు ఏ కంటిదో ఏడో అంకెదాకా తెలుసు. ఇంట్లో షుగరు మాత్రలు మింగే తల్లి రెటీనాను ఎవరైనా చూశారో లేదో తెలియదు. రెటీనోపతీ మొదట్లో నొప్పి పెట్టదు, చూపూ తగ్గించదు. టైప్ 2 షుగరు బయటపడినప్పుడే ఒకసారి, తర్వాత ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. ఆ పని ఏ కోడూ చేసిపెట్టదు.