ఎలాగూ ఊడేవే కదా!

మన ఇళ్లలో పాల పళ్లంత దిక్కులేనివి ఇంకేవీ ఉండవు. బుజ్జిగాడి పై వరస నాలుగు పళ్లూ గోధుమరంగు తిరిగి మొండాలుగా మిగిలినా, నాయనమ్మ తీర్పు ఒకటే: "ఎలాగూ ఊడేవే కదరా!" ఊడతాయి, కాదనం. కానీ రెండేళ్ల వయసులో వచ్చే దవడ పళ్లు పదో పన్నెండో ఏడు దాకా కదలవు. ఎమ్మెల్యేగారు వరసగా రెండుసార్లు గెలిచినంత కాలం. ఎలాగూ దిగిపోయే మనిషే కదా అని ఆయన్నలా వదిలేస్తామా? (వదిలేస్తాం. అది వేరే సంగతి.)

పంట్లో పురుగుందని ఇంటిల్లిపాదికీ నమ్మకం. ఉన్నది బాక్టీరియా. తీపి అందితే చాలు, అది ఆమ్లం తయారుచేస్తుంది, ఆ ఆమ్లానికి పంటి పైపొర కరుగుతుంది. నిద్రలో నోట్లో లాలాజలం తగ్గుతుంది కాబట్టి అప్పుడు దానికి మరీ పండగ. సరిగ్గా ఆ వేళ చూసి, పంచదార కలిపిన పాలసీసా వాడి నోట్లో పెట్టి, "హమ్మయ్య, పడుకున్నాడు" అని మనం సీరియల్ ముందు కూచుంటాం. పాలు పై పళ్లను నానబెడతాయి. కింది పళ్లను మాత్రం నాలుక కప్పి కాస్తుంది. ఇంత మంది పెద్దలున్న ఇంట్లో వాడి పళ్లకు కాపలా ఆ నాలుకొక్కటే. తోముకోవడమంటారా, చొక్కా గుండీ పెట్టుకోవడం రాని వాడికి బ్రష్షు మాత్రం సొంతంగా అప్పజెప్పేశాం.

పన్ను సలిపితే వాడు నమలడు. ముద్ద బుగ్గన పెట్టుకుని గంటసేపు కూచుంటాడు. రాత్రి నిద్రపోడు, బరువు పెరగడు. "వీడు మహా మొండి" అని తేల్చేసి, నమిలే పనిలేనివి పెడతాం: టీలో ముంచిన బిస్కట్టు, జామ్ రాసిన బ్రెడ్డు, 'హెల్త్ డ్రింక్' పొడి కలిపిన పాలు. పళ్లు ఇంకాస్త పుచ్చుతాయి, తిండి ఇంకాస్త తగ్గుతుంది, అందుకని పొడి ఇంకో చెంచా వేస్తాం. డబ్బా మీద బొమ్మలో పిల్లాడు మాత్రం తాడిలా ఎదుగుతూనే ఉంటాడు.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో 'హెల్త్ డ్రింక్' అన్నదానికి నిర్వచనమే లేదు, ఆ పేరు కింద ఇలాంటి పానీయాలు పెట్టకండని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది. ఆ నెలలోనే హార్లిక్స్ 'ఫంక్షనల్ న్యూట్రిషనల్ డ్రింక్' అయి కూచుంది. నాయనమ్మకు నోరు తిరగలేదు. 'బలం పొడి' అంటోంది.

నాలుగు నుంచి పదేళ్ల పిల్లలు తీసుకునే కేలరీల్లో 13 శాతం చక్కెరదే, 5 శాతం మించకూడదు అంటూ 2025లో సీబీఎస్‌ఈ బళ్లలో 'షుగర్ బోర్డులు' పెట్టమంది. పెట్టారు. కూల్‌డ్రింకు సీసా బొమ్మ, పక్కన అందులో ఎన్ని చెంచాల పంచదారో లెక్క. పుట్టినరోజు పిల్ల ఆ బోర్డు కిందే నిలబడి క్లాసుకంతా చాక్లెట్లు పంచింది. టీచరుగారికి రెండు.