దక్షిణం చూసే డిష్

మన దేశంలో మేడల మీదున్న టీవీ డిష్‌లలో ఒక్కటి కూడా ఉత్తరం వైపు చూడదు. చూసి లాభం లేదు. టీవీ బొమ్మలు పంపే ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకి సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితోపాటే తిరుగుతూ, మనకి మాత్రం కదలకుండా నిలబడ్డట్టు ఉంటాయి. కన్యాకుమారి వాళ్లకి కూడా భూమధ్యరేఖ దక్షిణానే. అంచేత డిష్ పెట్టుకున్న గృహస్థు ఎవరైనా దక్షిణానికో, ఆగ్నేయానికో, నైరుతికో దాని మొహం తిప్పక తప్పదు. ఇది బడిపిల్లలకైనా చెప్పొచ్చు. మా మావగారికి చెప్పడమే కష్టం.

మావగారు రిటైరయ్యాక వాస్తు పట్టుకున్నారు. వాస్తు కూడా ఆయన్ని గట్టిగానే పట్టుకుంది. మా వంటింటి గట్టు ఇప్పటికే ఒకసారి చోటు మారింది. డిష్ అనేసరికి ఆయన కాగితం, పెన్సిలు తెచ్చుకుని కూర్చున్నారు. మాది విశాఖపట్నం. ఊరి రేఖాంశం 83 డిగ్రీల పైచిల్లర. డీటీహెచ్ ఉపగ్రహాల్లో ఒక జట్టు 83 డిగ్రీల తూర్పు దగ్గరే ఉంది, అంటే మా ఊరికి సూటిగా దక్షిణం. "యముడు," అని రాసుకున్నారు. దూరదర్శన్ ఉచిత డిష్ వాడే జీశాట్-15 ఉన్నది 93.5 దగ్గర, దక్షిణానికీ ఆగ్నేయానికీ మధ్య. "సగం యముడు, సగం అగ్ని." ఇంకొకటి 108.2 దగ్గర. "పూర్తిగా అగ్ని. ఫ్యూజులు పోతాయి." చివరికి ఏది ఖాయమైందో ఇక్కడ రాయను. మావగారు ఈ పత్రిక చదువుతారు.

ఆయన్ని మెత్తబరుద్దామని చరిత్ర ఎత్తాను. ఉపగ్రహం టీవీ మనకి కొత్త కాదండీ, 1975లోనే అమెరికా వాళ్ల ఉపగ్రహాన్ని ఏడాదికి ఎరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి కార్యక్రమాలు చూపించారు, అందులో మన ఆంధ్రప్రదేశ్ ఉంది, పదడుగుల వెడల్పు డిష్‌లు, కోళ్లగూళ్లకి కొట్టే ఇనపజాలీతో చేసినవి, అన్నాను. మావగారు ఒకటే అడిగారు: "అవి ఎటు తిప్పారు?" ఆ ఉపగ్రహం 35 డిగ్రీల తూర్పు దగ్గరుండేది. మనకి అది పడమరకీ నైరుతికీ మధ్య. ఆ మాటే చెప్పాను. "మరి అందుకే ఏడాదికి మూసేశారు," అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

బిగించడానికి వచ్చిన కుర్రాడిది శ్రీకాకుళం వైపు. భుజాన వైరు చుట్ట, చేతిలో డ్రిల్లింగ్ మిషను, జేబులో సిగ్నల్ మీటరు. వచ్చీ రాగానే మేడంతా ఒక చుట్టు చుట్టి, రేపెప్పుడో కట్టబోయే పై అంతస్తు కోసం స్తంభాల్లోంచి వదిలేసిన ఇనపచువ్వల పక్కన చోటు చూసుకున్నాడు. తెలుగువాడి మేడ మీద ఆ చువ్వలు లేకపోతే ఇల్లు పూర్తయిపోయినట్టే లెక్క, అది మనం ఒప్పుకోం.

"ఏటి బాబూ, అది అటు చూస్తోందేం? అటు ఎదురింటి వాటర్ ట్యాంకు ఉంది కదా!" అన్నారు మావగారు.

"అది అలాగే కనపడుద్ది మాస్టారూ. దీని చూపు దీని మొహం మీద ఉండదండి. ఆ ట్యాంకు మీదుగా చాలా పైకి చూస్తాది," అన్నాడు వాడు. వాడన్నది నిజం. ఇళ్ల మీద పెట్టే డిష్‌లు నిండు గిన్నెలు కావు, ఒక పెద్ద గిన్నెలోంచి పక్కగా కోసిన ముక్కలు. డిష్ ముందు ముక్కులా పొడుచుకొచ్చిన ఎల్‌ఎన్‌బి నీడ డిష్ మీద పడకుండా అలా చేస్తారు. అందువల్ల డిష్ ఎదురింటిని చూస్తున్నట్టు కనిపించినా, అసలు చూపు దానికన్నా ఇరవై పైచిలుకు డిగ్రీలు ఎత్తున ఉంటుంది. ఎదురింటివాళ్లకి ఈ సంగతి ఇంకా తెలియదు. ట్యాంకు మీద గుడ్డ కప్పారు.

మావగారు లోపలికెళ్లి ఇత్తడి దిక్సూచి తెచ్చారు. కుర్రాడు ఒకటి రెండు డిగ్రీల తేడా కూడా రాకుండా స్పానర్‌తో చిన్నచిన్నగా తిప్పుతున్నాడు, మీటరు కూత పెరుగుతోంది, తగ్గుతోంది. ఆయన దిక్సూచిని స్తంభం మీద, చువ్వల మధ్యన పెట్టారు. ముల్లు కాసేపు ఊగి ఊగి ఆగింది. ఆ లెక్కన మా డిష్ శుభ్రంగా తూర్పు చూస్తోంది! మావగారి మొహం విప్పారింది. ఇనుము పక్కన పెడితే దిక్సూచి ఇనుము మాటే వింటుందని కుర్రాడికి తెలుసు. నోరు తెరవబోయాడు. నేను వాడి కాలు తొక్కాను. "తూర్పే కదా మాస్టారూ," అన్నాడు వాడు, కుంటుతూ.

ఇక వైరు. డిష్ కంటే కష్టమైనది అదే, కానీ దాని గురించి ఎవరూ పట్టించుకోరు. ఉపగ్రహం నుంచి వచ్చే తరంగాలు పన్నెండు గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటాయి. అంత జోరు మామూలు వైరులో ప్రయాణం చేయలేదు. అందుకే ఎల్‌ఎన్‌బి దాన్ని 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్‌లకి దించి, ఆర్‌జీ-6 అనే వైరులోకి వదులుతుంది. కుర్రాడు దాని కొస చెక్కుతుంటే దగ్గర కూర్చుని చూశాను. పైన నల్లటి తొడుగు, దాని కింద సన్నటి తీగల అల్లిక, ఆ లోపల తళతళలాడే రేకు, తర్వాత తెల్లటి మెత్తటి నురగ, నడిమధ్యన ఒంటి తీగ. అల్లికలోంచి ఒక్క పోగు జారి మధ్య తీగకి తగిలిందా, షార్టు. వాడు ఆ పోగుల్ని ఒక్కొక్కటిగా వెనక్కి దువ్వి, కనెక్టరు బిగించి, మధ్య తీగని గోటితో మీటి చూశాడు. ఆ శ్రద్ధ చూస్తే ముచ్చటేసింది.

మా ఆవిడ షరతు ఒక్కటే. హాల్లో వైరు కనపడకూడదు. దాంతో అది పిట్టగోడ దిగి, వంటింటి కిటికీ సజ్జ మీదుగా, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నంలోంచి దూరి, అటక మీద పాత బిందెల వెనక నక్కి, తలుపు కమ్మీ వెంట పాకి, దొంగలా టీవీ వెనక తేలింది. బొమ్మ అద్దంలా వచ్చింది. తర్వాత ఇంటికి రంగులు వేయించాం. నిచ్చెనకి అడ్డమొచ్చిందని ఎవరో సజ్జ దగ్గర వైరు కోశారు, ఇంకెవరో దాన్ని కరెంటు తీగలా మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు. ఇంట్లో ఎవరినడిగినా "నాకేం తెలుసు" అన్నవారే.

వానాకాలం వెళ్లాక వింత మొదలైంది. సగం చానళ్లు మాయం. అదీ ఒక వరస లేకుండా. వార్తలు వస్తున్నాయి, పురాణ ప్రవచనం రావడంలేదు. మా ఆవిడ సీరియళ్లలో మొదటిది వస్తుంది, రెండోది రాదు. ఇంట్లో ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టాం. మళ్లీ ఆ కుర్రాడే వచ్చాడు. తరంగాలు పైనుంచి రెండు తీరుల్లో వస్తాయని, కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా ఊగుతూ ఉంటాయని, నిలువువి కావాలంటే టీవీ దగ్గరి బాక్సు వైరులోకి 13 వోల్టులు, అడ్డంవి కావాలంటే 18 వోల్టులు పంపుతుందని చెప్పాడు.

"అంటే నిలువునామాల వాళ్లూ, అడ్డబొట్టు వాళ్లూ అన్నమాట," అన్నారు మావగారు. ఆయనకి మొదటిసారి ఎలక్ట్రానిక్స్ బోధపడింది. "ఏవి పోయాయి?"

"అడ్డంవండి."

"అనుకున్నాను," అన్నారు, విభూతి రేఖలు తడుముకుంటూ.

కుర్రాడు సజ్జ మీదికి వంగి టేపు విప్పాడు. లోపల రాగి తీగ పచ్చగా చిలుం పట్టి ఉంది. మా ఊరి ఉప్పుగాలికి ఇనపగేటే ఆగదు, ఈ తీగ ఎంత! పద్ధెనిమిది వోల్టులు బయల్దేరితే ఆ చిలుం దగ్గర కొంత పోయి, ఎల్‌ఎన్‌బి దగ్గరికి చేరేది తక్కువ. అది పదమూడు అనుకుని నిలువు చానళ్లే ఇస్తోంది. ముప్పై ఆరువేల కిలోమీటర్లు వచ్చిన సిగ్నలు మా వంటింటి సజ్జ దాటలేకపోయింది! వాడు కొత్త వైరు అతుకు లేకుండా లాగి, గోడలోకి దూరేముందు కిందికి ఒక వంపు వదిలాడు, వాననీరు వైరు వెంట లోపలికి రాకుండా ఆ వంపు దగ్గరే కారిపోవడానికి. ఆ చిన్న వంపుని మా ఆవిడ వేలాడుతోందని రెండుసార్లు సర్దబోయింది. కాపలా కాస్తున్నాను.

వాన సంగతి వేరు. పన్నెండు గిగాహెర్ట్జ్ తరంగాల్ని పెద్ద చినుకులు పీల్చేస్తాయి, చెదరగొడతాయి. దానికి మందు లేదు. తుపాను వార్త చూడాల్సిన వేళకే టీవీ పోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పాత డిష్ కొక్కేలతో సహా వెళ్లిపోయింది. మర్నాడు మేడ ఎక్కితే మాది కాని డిష్ ఒకటి వచ్చి ఉంది. ఎవరూ వచ్చి అడగలేదు. తులసికోట పక్కన బోర్లించి పెట్టాం, పిల్లి పడుకుంటుంది.

ఇంకో చిక్కు ఏటా రెండుసార్లు వస్తుంది. మార్చిలోనూ, అక్టోబర్ మొదట్లోనూ కొన్నాళ్లపాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. రోజూ ఒకే వేళకి కొన్ని నిమిషాలు డిష్‌లోకి ఉపగ్రహం మాట బదులు సూర్యుడి గోల దూరి బొమ్మ పోతుంది. ఇది చెప్పిన రోజు నుంచి మావగారు పంచాంగం పక్కన పెట్టుకుని ఆ వేళ ముందే గుణించడం మొదలుపెట్టారు. మొన్న బొమ్మ పోగానే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ఇందులో మీ తప్పేమీ లేదమ్మా, సూర్యుడు అడ్డొచ్చాడు, అని ఊరడించారు. అవతల అమ్మాయి ఓపికగా అంతా విని, "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి సార్," అంది.

"ఎవర్నమ్మా?" అన్నారు మావగారు.