ఇరవై ఫేజుల వైభోగం

మదర్‌బోర్డులోకి కూడా ఏఐ దిగింది కనుక ఇక మనకు బెంగ లేదు. బయోస్‌లో ఒక్క మీట నొక్కితే చాలట. ప్రాసెసర్ ఎంత గట్టిదో అదే చూసుకుంటుందట, కూలర్‌కి ఎంత దమ్ముందో అదే లెక్కేసుకుంటుందట, వేగం ఎంత పెంచాలో అదే తేల్చేస్తుందట. మనం కుర్చీ లాక్కుని ఆడుకోవడమే తరువాయి. వేడినీ కరెంటునీ చూసుకుంటూ ఎప్పటికప్పుడు వేగం పెంచుకుని, తగ్గించుకునే పని ప్రాసెసర్ సొంతంగానే చేసుకుంటోందనీ, ఇంటెల్ దాన్ని టర్బో బూస్ట్ పేరుతో 2008లోనే అమ్మిందనీ ఎవరైనా గుర్తు చేస్తే వాడు పాతకాలపు మనిషి. అప్పట్లో దాన్ని ఏఐ అనాలని ఎవరికీ తోచలేదు, పాపం.

గిగాబైట్ వారి ఎక్స్‌3డి టర్బో మోడ్ ఇంకా ముచ్చటైనది. పదహారు కోర్ల రైజెన్ కొన్నవాడు ఆ మీట నొక్కితే సగం కోర్లు పడుకుంటాయి, మిగిలిన వాటిలో రెండో థ్రెడ్డు కూడా ఆగిపోతుంది, ఆట కాస్త చురుగ్గా నడుస్తుంది. ఎనిమిది కోర్లదే కొనుక్కుంటే పోయేది కదా నాయనా!

సరే, ఇవన్నీ క్షమించేయొచ్చు. నాకు అస్సలు గిట్టనిది ఫేజుల గోల.

మా అక్క కొడుకు మొన్న సికింద్రాబాద్ సీటీసీలో ఒక షాపు ముందు నిలబడి బోర్డు పెట్టె ఫోటో వాట్సాప్‌లో పెట్టాడు. వెనకే ఫోను.

"మావయ్యా, ట్వెంటీ ప్లస్ వన్ ప్లస్ టూ! మామూలుగా లేదు."

"ప్రాసెసర్ ఏం తీసుకున్నావురా?"

"ఐ5. 14400ఎఫ్."

"చివర కె లేదా?"

"లేదు, ఎఫ్ ఉంది."

"కె లేనిదానికి ఓవర్‌క్లాకింగే కుదరదు కదరా, మరి జెడ్790 బోర్డు ఎందుకు?"

"ఫ్యూచర్ ప్రూఫ్ అంట మావయ్యా, షాపన్న చెప్పాడు."

షాపన్న చెప్పిన ఆ ఫ్యూచర్ అప్పటికే అయిపోయింది. ఆ సాకెట్‌కి 14వ తరమే ఆఖరు. 2024 అక్టోబరులో ఇంటెల్ కొత్త ప్రాసెసర్లు తెచ్చినప్పుడు సాకెట్టే మార్చేసింది. అయినా మావాడికి అదేమీ పట్టలేదు. అంకె ఇరవై, అంతే.

ఇంతకీ ఆ ఇరవై ఫేజులు చేసే ఘనకార్యం ఏమిటంటే, పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టుల్ని ప్రాసెసర్ తట్టుకోగలిగే ఒకటీ, ఒకటింబావు వోల్టులకు దించడం. నలుగురు మోస్తే బరువు తగ్గినట్టే, పని పంచుకుంటే ఒక్కోదాని మీద వేడి తగ్గుతుంది. అంతవరకూ న్యాయమే. హీట్‌సింక్ కూడా లేని చవక హెచ్610 బోర్డు మీద ఐ9ని కూర్చోబెడితే అది వేడెక్కి, వేగం తగ్గించుకుని, యజమాని ఉసురు పోసుకుంటుంది. అలాంటి పని చేయొద్దనే నేనూ చెబుతాను.

కానీ మావాడి లెక్క చూడండి. ఒక్కో ఫేజు 105 ఆంపియర్లు మోస్తుందని గొప్పగా అచ్చేసుకున్నారు. ఇరవైకి 2,100 ఆంపియర్లు. మావాడి ఐ5 ఒళ్లు మరిచి పరుగెత్తినా ఇంటెల్ గీసిన గీత 148 వాట్లు. 1.2 వోల్టుల దగ్గర వేసుకుంటే అటూ ఇటుగా 120 ఆంపియర్లు. మిగతా 1,980 ఆంపియర్లు ఎవరి కోసం? పక్కింటివాళ్ల కంప్యూటర్‌కి తీగ లాగుతాడా?

పైగా ఆ ఇరవై చాలా బోర్డుల్లో నిజంగా ఇరవై కావు. కంట్రోలర్ చిప్ నుంచి బయల్దేరేవి పది సంకేతాలు. ఒక్కోదానికి రెండేసి పవర్ స్టేజీలు జతకట్టి, తలలు లెక్కపెట్టి, ఇరవై అని రాస్తారు. పనికి అదేం తక్కువ కాదు, ఆ పద్ధతీ చెడ్డది కాదు. కానీ అంకె పెద్దదిగా కనపడాలన్న యావ ఉంది చూశారూ, అదీ నా కడుపుమంట. అక్కడితో ఆగారా? ప్లస్ ఒకటి, ప్లస్ రెండు అని పక్కన తోకలు. ఆ ఒకటి ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్ కోసం. మావాడి ప్రాసెసర్‌లో ఎఫ్ ఉంది కాబట్టి అసలు గ్రాఫిక్సే లేదు. లేనిదానికి కూడా ఒక ఫేజు!

మా ఊళ్లో బోరు మోటారుకు పగటిపూట మూడు ఫేజులు నిలకడగా వస్తే ఆ ఏడు పంట ఇంటికొచ్చినట్టే. అదే ఊరి కుర్రాడు ఇరవై చాలక, ఇరవై నాలుగున్న బోర్డు చూపించమని షాపులో అడుగుతున్నాడు. తప్పు వాడిదని కూడా అనలేను. యూట్యూబ్ తెరిస్తే ప్రతివాడూ థర్మామీటరు పట్టుకుని కూర్చుని, ఈ బోర్డు ఫేజులు 52 డిగ్రీలు, ఆ బోర్డువి 60 డిగ్రీలు, కాబట్టి ఇది కొనండి అంటాడు. వంద డిగ్రీలు దాటినా బతకగలిగేలా తయారైన భాగాలవి. 60 దగ్గర వాటికి చెమట కూడా పట్టదు.

ఇంత చేసి ఆటలో ఏం పెరిగింది? అదే ప్రాసెసర్, అదే గ్రాఫిక్స్ కార్డు, అదే ర్యామ్ పెట్టి పదిహేను వేల బోర్డునీ యాభై వేల బోర్డునీ పక్కపక్కన నడిపిస్తే ఫ్రేముల్లో తేడా ఒకటీ రెండు శాతం. అదీ ఒక్కోసారి చవక బోర్డు వైపే మొగ్గుతుంది. బోర్డుకి డబ్బంతా పోసినందుకు మావాడి గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3050 దగ్గర ఆగిపోయింది.

ఓవర్‌క్లాకింగ్ ఒకప్పుడు పేదవాడి విద్య. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఎ అని చవక చిప్ ఒకటి తెచ్చింది. అబిట్ బీహెచ్6 లాంటి బోర్డు మీద పెట్టి, బయోస్‌లో బస్సు వేగాన్ని 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్‌ది 450కి లేచి కూర్చునేది. పైసా ఖర్చు లేకుండా యాభై శాతం! తక్కువకు కొన్నవాడు ఎక్కువకు కొన్నవాడి పక్కన కాలు మీద కాలేసుకుని కూర్చోవడం అందులోని మజా. ఇప్పుడేమో ఐ9 14900కె పెట్టెలోంచి తీయగానే 6 గిగాహెర్ట్జ్ అందుకుంటుంది. మిగిల్చిందే లేదు, మీరు పిండుకునేదేముంది? 2022లో ఆటగాళ్లు ఎగబడి కొన్న రైజెన్ 5800ఎక్స్‌3డికి ఏఎమ్‌డి ఓవర్‌క్లాకింగ్ తాళమే వేసేసింది. ఆటల్లో అప్పటి మేటి చిప్‌లలో అదొకటి. తాళం ఉందని ఒక్కడూ ఏడవలేదు.

ద్రవ హీలియం పోసి 9 గిగాహెర్ట్జ్ దాటించారు కదా అంటారు. దాటించారు. మే నెల బెజవాడలో మీ కూలర్ పీల్చుకునేది నలభై రెండు డిగ్రీల గాలి, హీలియం కాదు.

ఈ వేలంవెర్రి ఎవరికీ నష్టం చేయనిదైతే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. కానీ 253 వాట్ల దగ్గర ఆగమని ఇంటెల్ చెప్పిన ఐ9కి చాలా బోర్డులు ఫ్యాక్టరీలోనే పెట్టి పంపిన హద్దు ఎంతో తెలుసా? 4,096 వాట్లు. అంటే హద్దు లేదని. కొన్నవాడు ఏ మీటా నొక్కలేదు, ఏదీ మార్చలేదు, కంప్యూటర్ ఆన్ చేశాడు, అంతే. వాడి డబ్బుతో కొన్న చిప్‌ని వాడికి చెప్పకుండా ఇష్టమొచ్చినట్టు పరుగెత్తించారు. ఎందుకు? రివ్యూ చార్టులో పక్క కంపెనీ కంటే ఒక శాతం పైన కనపడటానికి.

13, 14 తరాల చిప్‌లు ఆటల మధ్యలో కూలిపోతున్నాయని 2024లో గోల లేచినప్పుడు ఇంటెల్ ముందు బోర్డుల వైపు వేలు చూపింది. తర్వాత తన మైక్రోకోడే అవసరానికి మించి వోల్టేజీ అడుగుతోందని ఒప్పుకుంది. ఆగస్టులో సవరణ వదిలింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఆ సవరణ బాగుచేయదు. అంతకు ముందు ఏడాది, 2023 ఏప్రిల్‌లో, రైజెన్ 7000 ఎక్స్‌3డి చిప్‌లు సాకెట్లలోనే కాలి ఉబ్బాయి. చివరికి ఏఎమ్‌డి ఎస్‌ఓసీ వోల్టేజీ 1.3 దాటకూడదని హద్దు గీయాల్సి వచ్చింది. గీత గీయడానికి చిప్‌లు కాలేదాకా ఆగాలా?

వారంటీ సంగతీ వినండి. ఓవర్‌క్లాక్ చేస్తే వారంటీ చెల్లదు, మా సొంత సాఫ్ట్‌వేర్‌తో చేసినా సరే చెల్లదు అని ఏఎమ్‌డి తన నిబంధనల్లోనే రాసుకుంది. ర్యామ్‌కి ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేయడం కూడా వాళ్ల లెక్కలో ఓవర్‌క్లాకింగే. పెద్ద అక్షరాల్లో ఊరించి అమ్మేది అదే, చిన్న అక్షరాల్లో చేతులు కడుక్కునేదీ దాని దగ్గరే. దీన్ని మా ఊళ్లో వ్యాపారం అనరు.

రంగురంగుల లైట్ల గురించి నేను మాట్లాడను, బతుకమ్మకీ దీపావళికీ పనికొస్తాయి. బోర్డు మీద బుల్లి తెర పెట్టి అందులో బొమ్మలాడించేవాళ్లకు ఓ దండం.

మావాడు చివరికి అదే కొన్నాడు. ఆట మామూలుగానే ఆడుతోందని నెల తిరక్కుండానే ఫోను. వెళ్లి చూస్తే 6000 ర్యామ్ 4800 దగ్గరే కునుకు తీస్తోంది, బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేయలేదు. 165 హెర్ట్జ్ మానిటర్‌ని విండోస్ 60 దగ్గరే ఉంచేసింది. రెండూ కలిపి టీ చల్లారేలోపు అయ్యే పని, అందులో ఏ ఫేజుకీ ప్రమేయం లేదు.

బోర్డు ఎంచుకునేటప్పుడు నిజంగా తెలియాల్సినవి వేరే. నాలుగు ర్యామ్ ముక్కలు గుచ్చితే వేగం పడిపోతుంది. ఏఎమ్5 సాకెట్ మీద ఏఎమ్‌డి హామీ ఇచ్చేది అప్పుడు 3600 వరకే, కాబట్టి రెండు ముక్కలే కొనుక్కోవాలి. కొన్ని ఖరీదైన బోర్డుల్లో రెండో ఎం.2లో ఎస్‌ఎస్‌డీ పెట్టగానే గ్రాఫిక్స్ కార్డు దారులు పదహారు నుంచి ఎనిమిదికి కోసుకుపోతాయి. దీన్ని మాన్యువల్ అడుగున చుక్క గుర్తు పక్కన రాస్తారు, పెట్టె మీద రాయరు. ఇరవై అని అంత పెద్ద అంకె వేశాక జాగా ఎక్కడ మిగులుతుంది?