సర్వరు బావగారు

పాలకొల్లులో ఏ పెళ్లికెళ్లినా సర్వరు బావగారిని ఇట్టే పోల్చుకోవచ్చు. అందరూ విస్తట్లోకి చూస్తుంటే ఆయన గోడలకేసి చూస్తుంటారు. "రౌటరు ఎక్కడ పెట్టారండీ? టూ పాయింట్ ఫోరేనా, ఫైవా?" అని నేరుగా పెళ్లికూతురి తండ్రినే అడుగుతారు. ఆయనేమో పులిహోర తక్కువైందన్న కంగారులో ఉంటాడు.

ఈ రకం ఎక్కువగా రిటైరైనవాళ్లలో కనిపిస్తుంది. పిల్లలు హైదరాబాదులో ఉంటారు, మధ్యాహ్నం నిద్ర పట్టదు, ఫోన్లో వీడియోలు చూస్తారు. ఒక రోజు కొరియర్‌లో ఓ చిన్న బోర్డు దిగుతుంది. పేరు ఈఎస్‌పీ8266. ఎస్‌ప్రెసిఫ్ అనే చైనా కంపెనీ 2014లో మార్కెట్లోకి వదిలిన చిప్పు ఇది. వైఫై దాంట్లోనే ఉంది. ఓ బుల్లి వెబ్ సర్వర్ కూడా అందులోనే నడుస్తుంది. ఫోన్లో బ్రౌజరు తెరిచి 192.168.1.50 అని కొడితే నాలుగు బటన్ల పేజీ వస్తుంది: హాలు లైటు, ఫ్యాను, వసారా, మోటారు. బటన్ నొక్కితే ఆ కబురు రౌటరుకి, రౌటరు నుంచి బోర్డుకి వెళ్తుంది. గోడ మీది డబ్బాలో రిలే అనే బుల్లి స్విచ్చు 'టక్' మంటుంది. లైటు వెలుగుతుంది. కబురు ప్రహరీ గోడ దాటదు. బావగారి గర్వమంతా అక్కడే ఉంది.

"మన వసారాలో లైటేసుకోవడానికి అమెరికా పర్మిషనెందుకోయ్?" అంటారు. 2021 డిసెంబరు 7న వర్జీనియాలో అమెజాన్ సర్వర్లు మొరాయిస్తే, ఎవరి ఇళ్లలోనో గదులూడ్చే రోబోలు చెప్పిన మాట వినడం మానేశాయి. ఆ తేదీ ఆయనకు కంఠతా వచ్చు. పెళ్లిరోజు మాత్రం అక్కయ్య గుర్తుచేయాలి.

పేజీ మొత్తం నాలుగు కేబీలు మించకూడదని ఆయన పట్టుదల. పైన క్షీరారామేశ్వరస్వామి గోపురం బొమ్మ పెడితే బాగుంటుందని అక్కయ్య ముచ్చటపడింది. "తొమ్మిది అంతస్తులే! బోర్డు మోయలేదు" అనేశారు.

అసలు పేచీ స్విచ్చుల దగ్గర వచ్చింది. గోడ మీది పాత స్విచ్చులు పీకేస్తానంటే అక్కయ్య ఒప్పుకోలేదు. ఎలక్ట్రీషియన్ కుర్రాడు మధ్యేమార్గం చూపించాడు: "ఆయ్, మెట్ల లైటుకి ఏస్తాం కదండీ, అలా టూ-వే ఏసేత్తానండి." వేశాడు. ఇప్పుడు ఫోనుతోనూ వేయొచ్చు, చేత్తోనూ వేయొచ్చు. కాకపోతే బోర్డుకి తను ఆఖరున ఇచ్చిన ఆర్డరే తెలుసు. ఆ తర్వాత అక్కయ్య స్విచ్చు నొక్కిన సంగతి దానికెవరు చెబుతారు? హాల్లో లైటు దేదీప్యమానంగా వెలుగుతూంటే పేజీలో 'ఆఫ్' అని ఎర్రగా కనిపిస్తుంది. ఆ వెలుగులోనే కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, "ఆఫ్‌లోనే ఉందే" అంటారు బావగారు. "ఏవండీ, పైకి చూడండి" అంటుంది అక్కయ్య. ఆయన చూడరు. పేజీని రిఫ్రెష్ చేస్తారు.

ఇక కరెంటు పోయి వచ్చే రాత్రులు. ఆయన కొన్న రిలేలు సున్నా ఇస్తే ఆన్ అయ్యే రకం. కరెంటు రాగానే బోర్డు మళ్లీ లేస్తుంది; పిన్నులన్నిటికీ ముందు సున్నా ఇచ్చి, ఆ తర్వాత పేజీ పెట్టుకుని కూర్చునేలా రాశారు ప్రోగ్రాం. దాంతో అర్ధరాత్రి లైట్లు, ఫ్యాను, మోటారు ఒక్కసారిగా ఆన్. ట్యాంకు నిండి, పొంగి, పక్కవాళ్ల పెరట్లోకి నీళ్లు పోయాయి. పొద్దున్నే పక్కింటాయన వచ్చి, "మాకూ ఓ బటన్ పెట్టండి బావగారూ, మేవే ఆపుకుంటాం" అన్నారు. బావగారు దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నారు.

మనలో మాట, మన రైతులు ఈ పని ఎప్పుడో మొదలెట్టారు. మోటారు స్టార్టరు డబ్బాలో సిమ్ము వేసి, ఇంటి నుంచి ఫోన్ కొట్టి నీళ్లు పెట్టుకుంటున్నారు. రాత్రిపూట పాముల మధ్య గట్టు మీద నడిచి వెళ్లే బాధ తప్పింది కాబట్టి వాళ్లకది అవసరం. బావగారి మంచానికీ స్విచ్చు బోర్డుకీ మధ్య మాత్రం ఓ కుర్చీ ఉంది, అంతే. అయినా ఆయన్ని తక్కువ చేయలేను. కాలింగ్ బెల్ మార్చడానిక్కూడా మనిషి కోసం వారం ఎదురుచూసే మనలాంటివాళ్ల మధ్య, అరవై దాటాక ప్రోగ్రాం రాయడం నేర్చుకున్న మనిషాయన.

మొన్న ఇద్దరూ హైదరాబాదులో కూతురింటికి వెళ్లారు. సాయంత్రం ఫోన్ చేశారు. "ఏవోయ్, ఇక్కడ వాన. పాలకొల్లులో కరెంటు గానీ పోయిందా?"

"పోయి ఇప్పుడే వచ్చిందండి."

"చచ్చాం. మోటారు ఆన్ అయిపోయుంటుంది."

"మీరే అక్కణ్నుంచి ఆపేయండి."

కాసేపు మాట్లాడలేదు. లోకల్ సర్వరాయె, ప్రహరీ దాటదు. "తాళం పక్కింట్లో ఇచ్చాం, ఓసారి వెళ్లవా" అన్నారు చివరికి. వెళ్లాను. తలుపు తీసి, స్విచ్చు కిందికి నొక్కాను. మోత ఆగింది. ఆ మాటే ఫోన్లో చెప్పాను.

"పేజీలో ఏమనుందోయ్?" అన్నారు.