తన్నుల కంపెనీలో కొత్త గుమాస్తా

హార్వర్డ్‌లో జర్నలిజం చదివే కుర్రాడు. గదిలో తోటివాడు దాచుకున్న కొకైన్ ఇతని మెడకు చుట్టుకుంటుంది. తోటివాడిది పలుకుబడి ఉన్న కుటుంబం. అందుకని మనవాడు కిక్కురుమనకుండా నింద నెత్తిన వేసుకుని, పెట్టె సర్దుకుని లండన్‌లో అక్క ఇంటికి చేరతాడు. ఇంత మెతక మనిషిని బాగుచేయడం ఎలా? మన పెద్దలైతే వకీలును చూడమంటారు, లేదా నోరు తెరిచి నిజం చెప్పి ఏడవమంటారు. 2005లో లెక్సీ అలెగ్జాండర్ తీసిన ‘గ్రీన్ స్ట్రీట్’ సినిమా అంతకంటే సులువైన వైద్యం కనిపెట్టింది. పదిమందితో కలిసి వెళ్లి ఇంకో పదిమందిని తన్ను, నాలుగు తిను. మీసం దానంతటదే మొలుస్తుంది.

రోగి వేషం ఎలైజా వుడ్‌ది. రెండేళ్ల కిందటే ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో ఉంగరం మోసుకెళ్లి అగ్నిపర్వతం దాకా నడిచిన ఫ్రోడో ఈయనే. ఇప్పుడు వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ జట్టు పరువు మోసే పని పడింది. జట్టు అన్నాను గానీ సినిమాలో ఆటగాళ్ల కోసం వెతుక్కోవాలి, బంతి కోసం ఇంకా వెతుక్కోవాలి. ముఠా నాయకుడు పీట్ వారమంతా బడిలో చరిత్ర చెప్పే పంతులు. ఆట ఉన్న రోజున మాత్రం గోల్ ఎవరు కొట్టారన్నది ఆయనకు పట్టదు. ఎవరు ఎవర్ని కొట్టారన్నదే ముఖ్యం.

ఇది హింసను ఖండించే సినిమా అని వాదించేవాళ్లున్నారు. చివర్లో పీట్ చచ్చిపోతాడు కదా, అదే నీతి అంటారు. ఈ వాదన మనకు కొత్తా? రెండు గంటలు సుమోలు గాల్లోకి లేపి, ఆఖరి పది నిమిషాల్లో కొడవళ్లు కింద పడేయమని బోధించిన ఫ్యాక్షన్ సినిమాలు చూసి పెరిగినవాళ్లం. ఆ పది నిమిషాల వేళకు జనం స్కూటర్ స్టాండు దగ్గర ఉండేవాళ్లు.

గుంపులో లాగే గుణం ఉందన్న మాట మాత్రం అబద్ధం కాదు. బిల్ బుఫోర్డ్ అనే అమెరికన్ రచయిత ఏళ్ల తరబడి హూలిగన్లనే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ రౌడీల వెంట తిరిగి పుస్తకం రాశాడు. చూడటానికి వెళ్లిన తనకే ఆ కేకల మధ్య ఒళ్లు తెలియని ఆనందం కలిగిందని దాచకుండా ఒప్పుకున్నాడు. మన భాషలో దాన్ని పూనకం అంటాం. జాతరలో పూనకం వచ్చినవాడికి వేపమండలు, పసుపు నీళ్లు ఉంటాయి. బుఫోర్డ్‌కు 1990 ప్రపంచ కప్పు సమయంలో సార్డీనియాలో ఇటలీ పోలీసుల లాఠీలు దొరికాయి. సినిమాలో కుర్రాడి పూనకం అంత చవకగా దిగదు. నేపథ్య సంగీతం ఒప్పుకోదు.

ఈ ముఠాలను అక్కడ ‘ఫర్మ్’ అంటారు. చక్కటి వ్యాపార పదం. సినిమాలోని ముఠాకు మూలమైన ఐసీఎఫ్ (ఇంటర్‌సిటీ ఫర్మ్) పేరులో ఇంటర్‌సిటీ రైలుంది. అభిమానుల ప్రత్యేక రైళ్లలో పోలీసుల కాపలా ఉండేది గనక వీళ్లు పెద్దమనుషుల్లా మామూలు ఇంటర్‌సిటీ ఎక్కేవారు. ఒంటిమీద ఖరీదైన జాకెట్లు. తన్నాక బాధితుడి మీద ఒక విజిటింగ్ కార్డు వదిలేవారు, ఫలానా వారిని కలుసుకున్నందుకు అభినందనలు అంటూ. ఇంత మర్యాదస్తుల కంపెనీలో లేనిది రసీదు పుస్తకం ఒక్కటే.

బిల్లు మాత్రం వేరేవాళ్లకు వెళ్లేది. 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో లివర్‌పూల్ అభిమానులు అవతలివాళ్ల మీదికి ఉరికారు. తప్పించుకోబోయిన జనం గోడకు నలిగారు, గోడ కూలింది. 39 మంది పోయారు, ఎక్కువమంది యువెంటస్ ఆట చూద్దామని వచ్చిన ఇటాలియన్లు. ఇంగ్లండ్ క్లబ్బులను ఐదేళ్లు యూరప్ పోటీల నుంచి వెలేశారు.

నాలుగేళ్ల తర్వాత ఇంగ్లండ్‌లోనే హిల్స్‌బరో స్టేడియంలో జనం ఇనుప కంచెకు నలిగిపోయారు. మొత్తం 97 ప్రాణాలు. తప్పు పోలీసుల నిర్వహణది. కానీ ఫుట్‌బాల్ అభిమాని అంటే రౌడీ అని దేశమంతా అప్పటికే నమ్మి ఉంది గనక, తాగుబోతులే తోసుకుని చచ్చారన్న కథ క్షణాల్లో అతుక్కుంది. చేయని నేరం నెత్తిన పడటం అంటే అదీ. ఆ కుటుంబాలు పదిమందిని పోగేసుకుని ఎవర్నీ తన్నలేదు. కాగితాలు పట్టుకుని కోర్టుల చుట్టూ తిరిగాయి. అభిమానుల తప్పేమీ లేదని విచారణ జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది, అంటే 27 ఏళ్లు.

ఇప్పుడు మన కుర్రాడి దగ్గరికొద్దాం. ఇన్ని తన్నులు తిని, గురువును పోగొట్టుకుని, అమెరికా తిరిగెళ్లి కొకైన్ దాచినవాడిని నిలదీస్తాడు. ఎలా? పిడికిలి ఎత్తుతాడు గానీ దించడు. జేబులో టేప్ రికార్డర్ పెట్టుకుని వెళ్లి, వాడి నోటితోనే నిజం చెప్పించి రికార్డు చేసుకొస్తాడు. నాయనా, నువ్వు చదివింది జర్నలిజమే కదా! ఆ రికార్డర్ మొదటి రోజే తీసి ఉంటే పీట్ పంతులు సోమవారం బడికి వెళ్లేవాడు. సినిమా మాత్రం ఇది తన వైద్యం గుణమే అనుకుని, జట్టు పాట పాడించి మరీ కుర్రాణ్ని వీధిలోకి నడిపిస్తుంది.

అసలు గ్రీన్ స్ట్రీట్‌లో, వెస్ట్ హామ్ పాత స్టేడియం దగ్గర, 2009 ఆగస్టు 25న మిల్‌వాల్ జట్టుతో లీగ్ కప్ మ్యాచ్ జరిగింది. బయట అభిమానులు కొట్టుకున్నారు, ఒకతన్ని కత్తితో పొడిచారు. లోపల జనం మైదానంలోకి దూకారు. ఆ రోజు ఆట కూడా ఆడారు. అదనపు సమయంలో వెస్ట్ హామ్ 3–1తో గెలిచింది.