అసౌకర్యానికి చింతిస్తున్నాం

లాస్ ఏంజెలెస్ పోలీసులు 2025 జూన్‌లో జనానికి చేసిన హెచ్చరిక చూశారుగా? తాము పేల్చబోయే తూటాలు ‘తక్కువ ప్రాణాంతక’మైనవేనట, కాకపోతే కాస్త అసౌకర్యం, నొప్పి కలగవచ్చట. బండి నాలుగు గంటలు లేటయితే మన స్టేషన్ మైకులో వినిపించే మర్యాదే ఇదీ! ఆ రోజుల్లోనే ఆస్ట్రేలియా టీవీ విలేకరి ఒకావిడ కెమెరా ముందు మాట్లాడుతుంటే, వెనకాల నిలబడ్డ పోలీసు తుపాకి తిప్పి అలాంటి తూటానే ఆవిడ కాలికి పేల్చాడు. ఆవిడ చేతిలో ఉన్నది మైకు. అయితేనేం, తగిలింది కాలికే కదా. రూలు తప్పలేదు.

కాళ్ళకే కొట్టాలన్న ఈ రూలు దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది.

దీన్ని కనిపెట్టిన ఘనత బ్రిటిష్ సైన్యానిది. 1970లో ఉత్తర ఐర్లండ్‌లో దింపిన రబ్బరు తూటా ఇంచుమించు 15 సెంటీమీటర్ల పొడుగు. నేలకేసి కొడితే ఎగిరి కాళ్ళకు తగులుతుందని శాస్త్రం. 1971లో బెల్‌ఫాస్ట్‌లో ఎమ్మా గ్రోవ్స్ అనే పదకొండుమంది పిల్లల తల్లి, ఇంట్లో పాట పెట్టించుకుని కిటికీ దగ్గర నిలబడింది. రెండు కళ్ళూ పోయాయి. మరుసటి ఏడు డెర్రీలో బడి నుంచి ఇంటికి పోతున్న పదేళ్ళ రిచర్డ్ మూర్‌కీ రెండు కళ్ళూ పోయాయి. ఆ నేల ఎలాంటిదో మరి, తూటా ఎప్పుడు ఎగిరినా సరిగ్గా మొహం దాకానే ఎగిరింది. రబ్బరువీ, ఆ తర్వాత వచ్చిన ప్లాస్టిక్‌వీ కలిపి అక్కడ 17 మందిని చంపాయి.

మన కాశ్మీర్‌లోనూ నడుము కిందే కొట్టాలన్నారు. అక్కడ రబ్బరన్న మొహమాటం కూడా లేదు, లోహపు గుళ్ళే. 2016లో 32 రోజుల్లో దాదాపు 13 లక్షల పెల్లెట్లు పేల్చామని సీఆర్పీఎఫే హైకోర్టుకు లెక్క చెప్పింది. ఒక్కో కార్ట్రిడ్జి నుంచి వందల గుళ్ళు చెదిరిపోతుంటే, ఏ గుండుకు నడుము చూపిస్తారు? 2018 నవంబరులో షోపియాన్‌లో రెండేళ్ళు నిండని పాపకు కంట్లో గుండు దిగింది. ఆ పాప నడుము నేలకు ఎంత ఎత్తులో ఉంటుందో ఆ రూలు రాసినాయన టేపు పెట్టి కొలిచి చెప్పాలి.

పోనీ, రబ్బరన్న మాటైనా నిజమా? చిలీలో 2019లో పోలీసులు రబ్బరన్న గుళ్ళను విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షిస్తే రబ్బరు 20 శాతమే తేలింది. మిగతాది సిలికా, బేరియం సల్ఫేట్, సీసం.

వ్యంగ్యం చాలు. 2017లో వైద్య పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన పలు అధ్యయనాలు కలిపి చూస్తే, ఇలాంటి తూటాలు తగిలిన 1,984 మందిలో 53 మంది చచ్చిపోయారు, 300 మంది శాశ్వతంగా వికలాంగులయ్యారు. అసలు తూటా పేలిస్తే విచారణ ఉంటుంది, పై అధికారి సంజాయిషీ ఇచ్చుకోవాలి. రబ్బరనేసరికి ఆ భయం పోయింది, వేలు తేలికైంది. ప్రాణం తియ్యలేదు కనక కన్ను పోయినవాడు దణ్ణం పెట్టాలన్నట్టుంది వీళ్ళ వరస. సిగ్గుండాలి.

తలకు గురిపెట్టకూడదని కాలిఫోర్నియాలో 2022 నుంచి చట్టమే ఉంది. చట్టాలకు కొదవ లేదు, పాటించేవాళ్ళకే కొదవ. కాబట్టి మన ఊళ్ళో లాఠీచార్జి మర్నాడు పేపర్లో ‘రబ్బరు తూటాలతో చెదరగొట్టారు’ అన్న ఒక్క వాక్యం కనిపిస్తే దాంతో సరిపెట్టుకోకండి. ఎన్ని పేల్చారు, ఎంత దూరం నుంచి, ఎవరి ఆర్డరు మీద, ఆస్పత్రిలో కంటి వార్డుకు ఎంతమంది వెళ్ళారు, అడగండి.